జెనీవాలోని రెండు భాషల బడి

'అంతర్జాతీయ పాఠశాల' అనే మాట నేడు హైదరాబాదు నగరంలో ఏ వీధికి వెళ్ళినా కనిపిస్తున్నది. చల్లని గదులు, ఈతకొలను, పసుపుపచ్చని బస్సు ఉంటే చాలు, ఆ మాటను పలకపై రాయించుకోవచ్చునన్న అభిప్రాయం బలపడింది. ఆ పలకల క్రింద చదివేవారిలో చాలా చోట్ల పరరాష్ట్రపు పిల్లలే అరుదు. ఇక పరదేశపు పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. మా కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో బి.ఏ. చదివే విద్యార్థి ఒకడు గత సంవత్సరం ఈ మాటకు అసలు అర్థమేమిటని నన్ను తెలుగులో అడిగాడు. అతని తమ్ముణ్ణి అటువంటి బడిలో చేర్పించడానికి తండ్రి అప్పు చేయబోతున్నాడట. ఆ ప్రశ్నే జెనీవా నగరంలోని ఒక పాఠశాల చరిత్రను నా చేత చదివించింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట, 1920లో నానాజాతి సమితి జెనీవాలో తన కార్యస్థానాన్ని ఏర్పరచుకొన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడ అక్కడికే చేరింది. దేశదేశాల ఉద్యోగులు ఆలుబిడ్డలతో ఆ సరస్సు ఒడ్డున దిగారు. బిడ్డల చదువు వారికి పెద్ద సమస్య అయింది. స్థానికపు బడిలో వేస్తే స్వదేశానికి మరలిన నాడు ఆ చదువు అక్కరకు రాదు. స్వదేశపు చదువే చెప్పించాలంటే దేశానికొక బడి కట్టాలి. ఆ తలిదండ్రులలో ఆర్థర్ స్వీట్సర్ అనే అమెరికన్, లుడ్విక్ రైఖ్‌మన్ అనే పోలెండు దేశపు వైద్యుడు ముందుకు వచ్చారు. రైఖ్‌మన్ తరువాతి కాలంలో యునిసెఫ్ స్థాపనకు మూలపురుషుడైనాడు. స్విట్జర్లాండు విద్యావేత్త అడాల్ఫ్ ఫెరియేర్ వారికి తోడ్పడ్డాడు. 1924 సెప్టెంబరులో ఆయన ఇంటనే బడి మొదలయింది. విద్యార్థులు ఎనిమిది మంది. బాలుని ఆసక్తిని అనుసరించే చదువు సాగాలని జీవితమంతా వాదించిన ఫెరియేర్‌కు యౌవనంలోనే వినికిడి పోయింది. పిల్లల కలకలం తన చెవిన పడకపోయినా వారిని తన ఇంట కూర్చోబెట్టుకొన్న ఆ మనిషిని తలచుకొంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

ఇటువంటి కారణమే మన ప్రాంతంలోనూ ఇటువంటి ఫలితాన్నిచ్చింది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వెలసినప్పుడు, జొన్న, సజ్జ, కంది పంటలపై పరిశోధన చేయవచ్చిన విదేశీ శాస్త్రజ్ఞుల పిల్లల కొరకు హైదరాబాదులో ఒక అంతర్జాతీయ పాఠశాల ఏర్పడింది. అక్కడ ముందు అవసరం కలిగింది, పేరు తరువాత వచ్చింది. నేటి పలకలలో చాలావాటికి పేరే ముందు వచ్చింది.

జెనీవా బడిలో తొలినాటి విద్యార్థులలో మన దేశపు బాలిక కూడ ఒకరున్నారు. 1926లో కమలా నెహ్రూ క్షయవ్యాధి చికిత్స కొరకు జవహర్‌లాల్ నెహ్రూ కుటుంబంతో జెనీవా వెళ్ళినప్పుడు ఎనిమిదేళ్ళ ఇందిరను ఈ బడిలోనే చేర్పించారు. ఆమె అక్కడ చదివినది కొద్ది కాలమే.

1929లో ఈ బడి 'లా గ్రాండ్ బ్వాసియేర్' అనే పాత తోటలోకి మారింది. అదే సంవత్సరం అధ్యక్షురాలై, 1949 వరకు దానిని నడిపిన మారీ తెరేజ్ మోరెత్ అనే ఫ్రెంచి మహిళ దానికొక రూపం దిద్దింది. ఆమె తండ్రి పాల్ డ్యుప్వీ పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో దీర్ఘకాలం ఉద్యోగం చేసినవాడు, గణితవేత్త గాల్వా జీవితచరిత్ర రాసినవాడు. అంతటి పండితుడు వృద్ధాప్యంలో ఇక్కడ పిల్లలకు భూగోళం బోధించాడు. మన బడులలో భూగోళం మన ఊరితో మొదలై జిల్లా, రాష్ట్రం, దేశం దాటి, ఏడాది చివర తీరిక ఉంటే ప్రపంచం చేరుతుంది. అక్కడ ముందు భూమి మొత్తం, తరువాతనే దేశాలు. పది దేశాల పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చొన్నప్పుడు ఎవరి దేశంతో మొదలుపెట్టినా తక్కినవారికి అన్యాయమే కదా! ఆమె 1948లో యునెస్కో కొరకు రాసిన నివేదికలో, శాంతికి ఉపకరించే బోధన పద్ధతులు ఉన్నవా అన్న ప్రశ్న వేసుకొని, ఇటువంటి అనుభవాలనే వివరించింది. ఆ నివేదిక నాటికి రెండవ ప్రపంచ యుద్ధం గడచిపోయింది. యుద్ధకాలంలో విద్యార్థులు బాగా తగ్గి, డబ్బుకు కటకట ఏర్పడి, బడి ఎట్లో బ్రతికి బయటపడింది. బడికి కారణమైన నానాజాతి సమితి మాత్రం 1946లో రద్దయింది.

తోటను, భవనాలను విస్తరించి వర్ణించను. గ్రీకుల రంగస్థలం వంటి ఆరుబయలు నాటకశాల ఒకటి, 2014లో తెరచిన కళాకేంద్రం ఒకటి చెప్పదగినవి. ఇప్పుడు మూడు ప్రాంగణాలు, నాలుగు వేలకు పైగా విద్యార్థులు. రుసుము సామాన్యులకు అందేది కాదు. ఇది మొదటి నుండి పెద్ద ఉద్యోగుల బిడ్డల బడి, ఆ సంగతి దాచరాదు. విద్యార్థి జీవితంలో నన్ను ఆకర్షించినది 1953 నుండి వారు నడుపుకొనే విద్యార్థుల ఐక్యరాజ్య సమితి. అందులో పిల్లలు ఒక్కొక్క దేశానికి ప్రతినిధులై వాదిస్తారు. తనది కాని దేశం పక్షాన నిలబడి మాట్లాడడం పదహారేళ్ళ వయసులో మంచి వ్యాయామం.

అన్నిటికంటె ముఖ్యమైనది భాష. ఈ బడికి ఆది నుండి ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బోధన భాషలే. ఒకటి ఇంటిది, మరొకటి అతిథి అని కాదు. అయితే ఒక చిక్కు వచ్చింది. చిన్న తరగతులలో కలసి చదివిన పిల్లలు పై తరగతులకు రాగానే విడిపోవలసి వచ్చేది. ఫ్రెంచివారికి వారి బాకలోరియా పరీక్ష, ఇంగ్లీషువారికి వారిది, స్విస్సువారికి మరొకటి, అమెరికన్లకు ఇంకొకటి. మనుషులను కలపడానికి కట్టిన బడే చివరి రెండేళ్ళలో వారిని పరీక్షల వారీగా వేరు గదులలో కూర్చోబెట్టింది. ఈ బాధ నుండే అందరికీ ఒకే పరీక్ష కావాలన్న ఆలోచన పుట్టింది. 1960 దశకంలో ఈ బడి ఉపాధ్యాయులు ముందుగా సమకాలీన చరిత్రకు ఉమ్మడి పాఠ్యక్రమం తయారు చేశారు. 1968లో జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ ఏర్పడింది. ఆక్స్‌ఫర్డ్ విద్యావేత్త అలెక్ పీటర్సన్ దానికి మొదటి అధిపతి. నేడు ఐదు వేలకు పైగా పాఠశాలలు ఆ సంస్థ పాఠ్యక్రమాలను అనుసరిస్తున్నాయి. హైదరాబాదులోనూ అటువంటివి ఉన్నాయి.

ఆ డిప్లొమాకు విద్యార్థి నాలుగు వేల పదాల లోపు ఒక పరిశోధన వ్యాసం రాయాలి, సమాజ సేవ చేయాలి. వీటిని ఆ బడుల ప్రకటనలు ఘనంగా చెబుతాయి. ప్రకటనలలో కనబడని నియమం మరొకటి ఉన్నది. విద్యార్థి ఒక సాహిత్యాన్ని తన భాషలో చదవవచ్చు. ఆ భాష చెప్పే ఉపాధ్యాయుడు బడిలో లేకపోతే, బడి పర్యవేక్షణలో విద్యార్థి తానే చదువుకొని పరీక్షకు కూర్చొనే వీలు కల్పించారు. గురువు దొరకలేదన్న కారణంతో బిడ్డ మాతృభాష పోరాదని ఎవరో ఆలోచించారన్న మాట. ఉర్దూ ఉపాధ్యాయుడు లేక ఉర్దూ విడిచిన పిల్లలను, తెలుగు ఉపాధ్యాయుడు లేక తెలుగు విడిచిన పిల్లలను చూచినవాళ్ళం మనం. ఈ ఒక్క నియమం ఈతకొలనుల కంటె విలువైనదని నా నమ్మకం.

జెనీవా పిల్లలను విడదీసినవి పరీక్షలు. మా కళాశాలలో పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రాల భాష వేరు. ఉర్దూ మాధ్యమం వారి తరగతులు మొదటి అంతస్తులో, తెలుగు మాధ్యమం వారివి క్రింద. క్రికెట్ ఆడేటప్పుడు అందరూ ఒకటే. ఉర్దూ పిల్లలలో అనేకులు తెలుగు చక్కగా మాట్లాడతారు గాని చదవలేరు. తెలుగు పిల్లలు బజారులో ఉర్దూ అర్థం చేసుకొంటారు గాని అలిఫ్, బే గుర్తుపట్టలేరు. ఈ సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలై నడుమ ఛాయాచిత్రాల వద్ద కలుస్తాయి. ఆ నడుమ పుట దాటి అవతలికి వెళ్ళి చదివేవారు మాలో ఎందరు? మూడేళ్ళు ఒకే మెట్లు ఎక్కి దిగిన మిత్రుడు రాసిన కవితను మరొకరి చేత చదివించుకోవలసి రావడం నాకు కష్టంగా తోస్తుంది.

వారానికి రెండు గంటలు, ఉర్దూ విద్యార్థులు తెలుగు విద్యార్థులకు, తెలుగు విద్యార్థులు ఉర్దూ విద్యార్థులకు తమ తమ లిపి నేర్పాలని ప్రిన్సిపాల్ గారికి విన్నవించాను. ఉర్దూ శాఖాధ్యక్షులు జనాబ్ గారు సంతోషంగా ఒప్పుకొని, మొదటి పాఠానికి తామే విద్యార్థిగా వస్తామన్నారు. ఇరవై ఇద్దరు పేర్లిచ్చారు. వారిలో పై అంతస్తువారు పదముగ్గురు, క్రింది అంతస్తువారు తొమ్మండుగురు. గది మాత్రం ఇంకా దొరకలేదు. మధ్యాహ్నం మూడు గంటల తరువాత గ్రంథాలయంలో పెద్ద బల్ల ఖాళీగా ఉంటుందని గ్రంథపాలకులు చెబుతున్నారు.