"అలౌ" అంటే ఏమిటి పిల్లలూ?

ఈ నెల గ్రామర్ సంగతి పక్కనపెట్టి, నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను.

జూలైలో ఒకరోజు ఏడో తరగతికి పాసివ్ వాయిస్ చెబుతున్నాను. నా లాప్‌టాప్ తెర డిజిటల్ బోర్డు మీద కనిపిస్తోంది. ఉదాహరణ రాసి వెనక్కి తిరిగానో లేదో, బోర్డు కింది మూల నుంచి ఒక పెట్టె పైకి లేచింది. నా కంప్యూటర్‌లో వైరస్ ఉందట, వెంటనే అక్కడ నొక్కాలట. దాన్ని మూసేలోపు ఇంకొకటి వచ్చింది. ఈసారి లక్కీ డ్రాలో నాకు ఫోన్ తగిలిందట! క్లాసంతా గొల్లుమంది.

"మేడమ్, మీరు దానికి అలౌ కొట్టారా?" అన్నాడు రెండో బెంచీ అబ్బాయి.

కొట్టాను. రెండు రోజుల ముందు రాత్రి పదకొండింటికి వర్క్‌షీట్ కోసం వెతుకుతుంటే ఒక సైట్ 'మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి' అంది. నిద్రమత్తులో నొక్కేశాను. అది రోబో పరీక్ష కాదు. నాకు ఎప్పుడంటే అప్పుడు నోటిఫికేషన్లు పంపడానికి నేనిచ్చిన అనుమతి. ఆ సైట్ మూసేసినా అవి వస్తూనే ఉంటాయి.

సరే, ఎలాగూ పాఠం ఆగిందని పిల్లలనే అడిగాను. "అలౌ అంటే ఏమిటి?" ఒకమ్మాయి లేచి "అనుమతించుట మేడమ్" అంది. "మరి ఫోన్‌లో వస్తే?" అన్నాను. నాలుగైదు గొంతులు ఒకేసారి "ఆ బాక్స్ పోవడానికి నొక్కేది మేడమ్" అన్నాయి.

నాకు నవ్వు రాలేదు. స్పెల్లింగ్ తప్పు లేకుండా రాయగల మాట, నోట్సులో అర్థం రాసుకున్న మాట. తెర మీద కనబడేసరికి దాని అర్థమే మారిపోయింది. వాళ్లకే కాదు, వాళ్లకు ఇంగ్లిష్ చెప్పే నాకు కూడా.

ఆ తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు ఒక బాబు నాయనమ్మగారు వచ్చారు. మార్కుల సంగతి అడగకుండా ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పమ్మా. రోజూ పదిసార్లు బ్యాంకు బొమ్మ వేసి ఏదో వస్తోంది. భయమేసి ఫోన్ బీరువాలో పెట్టేస్తున్నాను. కువైట్ నుంచి మా అబ్బాయి చేస్తే దొరకడం లేదని గోల" అన్నారు. పక్కన నిలబడ్డ మనవడు నేల చూపులు చూస్తున్నాడు. గేమ్ కోసం తెరిచిన పేజీలో అలౌ కొట్టింది వాడే.

ముగ్గురం కలిసి బాగుచేశాం. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచాం. అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడే ఉంటుంది. తెలియనివన్నీ తీసేయించాను. అసలు ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకుండా ఆపే మీట కూడా అక్కడే ఉంది. కంప్యూటర్‌లో అయితే సైట్ సెట్టింగ్స్ 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద ఉంటాయి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు తెలియక ఆ పెద్దావిడ కొడుకు గొంతుకు దూరమయ్యారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వద్దనాల్సిన దగ్గర అలౌ కొట్టే నేను, సరే అనాల్సిన దగ్గర మాత్రం 'తర్వాత గుర్తుచేయి' అనేదాన్ని. ఒకసారి మార్కులు ఎక్కిస్తుంటే లాప్‌టాప్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయింది. సగం పని పోయింది. అప్పటినుంచి అప్‌డేట్ అంటే ఒళ్లుమంట. వీలైనన్నాళ్లు వాయిదా వేసేదాన్ని.

మా కంప్యూటర్ సార్ 2017 నాటి 'వానాక్రై' గురించి చెప్పారు. విండోస్‌లోని ఒక లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది. మే 12న ఆ లోపం గుండానే వైరస్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని ఆగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మందు రెండు నెలల ముందే వచ్చినా, వేసుకోనివాళ్లు చాలామంది ఉన్నారన్నమాట.

ఇప్పుడు విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో 'యాక్టివ్ అవర్స్' పెట్టుకున్నాను. బడి వేళల్లో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు. బ్రౌజర్ 'రీలాంచ్' అని గుర్తుచేస్తే, రాస్తున్నది సేవ్ చేసి ఆ రోజే మూసి తెరుస్తాను.

పిల్లలకు క్లాసులో ఒక్కటే నియమం పెట్టాను. బాక్స్ రాగానే వేలు ఆపి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు అడుగుతున్నారు? ఏం అడుగుతున్నారు? నా పనికి అది అవసరమా? ఆన్‌లైన్ క్లాసుకు మైక్ కావాలి, ఇవ్వొచ్చు. డిక్షనరీ సైట్‌కు నేనెక్కడున్నానో ఎందుకు? అక్కడ 'బ్లాక్' నొక్కినా బాక్స్ పోతుంది!

మీకో చిన్న హోంవర్క్. ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లో ఆ జాబితా తెరవండి. ముందు అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల ఫోన్లు చూడండి. అలాంటి మెసేజ్ నమ్మి ఎవరైనా డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. పిల్లల్ని మాత్రం తిట్టకండి. అలౌ కొట్టినవాళ్లలో వాళ్ల టీచర్ కూడా ఉంది.