పసరు కారకుండా గాల్‌బ్లాడర్ ఆపరేషన్

లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్‌ను (పసరు తిత్తిని) తీసేశాక కడుపులోకి పసరు ఎక్కువగా కారేది క్లిప్ వేసి కోసిన సిస్టిక్ నాళం మొన నుంచి. ఆ తరువాతి స్థానం కాలేయపు పడకలో దాగి ఉండే సన్నని లుష్కా నాళాలది. అరుదైనా అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్రధాన పైత్యనాళానికి తగిలే గాయం. అది వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింటిలో జరుగుతుందని అంచనా. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పసరు ఊరుస్తుంది కనుక రంధ్రం చిన్నదైనా నష్టం చిన్నది కాదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, తక్కిన రెండు చోట్లా 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. దాంతో ఈ ఆపరేషన్ ఇంటి దగ్గరికి వచ్చింది. లీకైతే కావలసిన ఈఆర్‌సీపీకి (ఎండోస్కోపీతో పైత్యనాళంలోకి చేరే పద్ధతికి) మాత్రం సాధారణంగా వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాలి. భూపాలపల్లికి రైలు కూడా లేదు. ఈ దూరాన్ని ఆపరేషన్‌కు ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ప్రాంతపు కేసుల్లో తరచు కనిపించే చిక్కు ఆలస్యం. పత్తి, మిర్చి ఏరే రోజుల్లో కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఊళ్లోనే సూది వేయించుకుంటారు. మూడో నాలుగో నొప్పికి ఆస్పత్రికి చేరేసరికి తిత్తి గోడ మందమై, చుట్టూ అంతా అతుక్కుపోయి ఉంటుంది. సికిల్ సెల్ ఉన్న ఆదివాసీ యువతలో పిగ్మెంట్ రాళ్లు చిన్న వయసులోనే వస్తాయి. వారికి మత్తు ఇచ్చే ముందు జాగ్రత్త రెట్టింపు కావాలి. కామెర్లు వచ్చి తగ్గినా, లివర్ పరీక్షలు తేడాగా ఉన్నా, స్కానింగ్‌లో ప్రధాన నాళం వెడల్పుగా కనిపించినా ముందు ఎంఆర్‌సీపీ (పైత్యనాళాల ఎంఆర్ఐ స్కాన్) చేయించాలి. కింద రాయి అడ్డుపడి ఉంటే పైన పీడనం పెరిగి, బాగా వేసిన క్లిప్ కూడా జారిపోవచ్చు.

జర్మనీలో ఎరిక్ మ్యూయె లాప్రోస్కోపీతో ఈ ఆపరేషన్ చేసింది 1985లో. ముంబై జేజే ఆస్పత్రిలో తెహెమ్‌టన్ ఉద్వాడియా 1990లో మన దేశంలో మొదలుపెట్టారు. పద్ధతి వ్యాపించిన కొద్దీ నాళాల గాయాలూ పెరిగాయి. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం ‘క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ’ని వివరించింది. సిస్టిక్ నాళం, ప్రధాన నాళం, కాలేయం మధ్య ఉండే త్రికోణంలోని కొవ్వూ పొరలూ పూర్తిగా తొలగాలి, తిత్తి కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోవాలి, తిత్తిలోకి రెండే రెండు నిర్మాణాలు పోతున్నట్టు ముందు నుంచీ వెనుక నుంచీ కనిపించాలి. అప్పటిదాకా క్లిప్ ముట్టరాదు. తిత్తి మెడను పైకే లాగితే సిస్టిక్ నాళమూ ప్రధాన నాళమూ ఒకే గీతలోకి వచ్చి కన్ను మోసపోతుంది. అందుకే మెడను పక్కకు, కాస్త కిందికి లాగాలి. పని అంతా కాలేయం అడుగున కనిపించే రూవియర్ గాడికి పైనే సాగాలి.

నాళం వెడల్పుగా ఉన్నప్పుడు మామూలు క్లిప్ వేయడం యూరియా బస్తా మూతికి బట్టల క్లిప్పు పెట్టడమే. అక్కడ ఎండోలూప్ గానీ కుట్టు గానీ కావాలి. లోహపు క్లిప్పుకు కాటరీ తగలనీయకూడదు. తగిలితే వేడి నాళపు మొనకు పాకుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు, నాలుగైదు రోజులకు మాడిన చోటు ఊడి పసరు కారుతుంది. తిత్తిని విడదీసేటప్పుడు దాని గోడను అంటిపెట్టుకునే సాగితే లుష్కా నాళాలు చాలావరకు తప్పించుకుంటాయి. చివర్లో పడక మీద తెల్లని గాజ్ గుడ్డ అద్ది పచ్చదనం కోసం చూడటానికి పెద్దగా సమయం పట్టదు. అందరికీ డ్రైన్ పెట్టడం వల్ల లీకు ఆగదని పరిశోధనలు తేల్చాయి. అనుమానం ఉన్న చోట పెడితే చాలు.

త్రికోణం తెరుచుకోకపోతే పట్టుదల పనికిరాదు. తిత్తిని తెరిచి రాళ్లు తీసి, మెడ భాగం వదిలేసి మిగతాది తీసే సబ్‌టోటల్ ఆపరేషన్‌తో బయటపడటం మేలు. దీనిలో లీకు అవకాశం ఎక్కువే, కానీ డ్రైన్ గుండా బయటికి వచ్చే ఆ లీకు తరచు దానంతట అదే ఆగుతుంది, లేదా స్టెంటుతో ఆగుతుంది. ప్రధాన నాళం తెగితే ఆ మాట అనలేం. అవసరమైనప్పుడు పెద్ద కోతకు (ఓపెన్ ఆపరేషన్‌కు) మారడాన్ని ఓటమిగా చూసే అలవాటు ఇంకా పోలేదు.

మామూలుగా ఆపరేషన్ మర్నాటికల్లా రోగి లేచి తిరుగుతూ ఇడ్లీ తింటాడు. కడుపు ఉబ్బి, నాడి వేగం పెరిగి, కుడి భుజంలో నొప్పి ఉండి, తినబుద్ధి కాకపోతే పసరు కారడం లేదని తేలేదాకా కారుతున్నట్టే భావించాలి. కామెర్లు కనిపించకపోవచ్చు. ఇంటికి పంపేటప్పుడే ఈ లక్షణాలను ఇంటివాళ్లకు చెప్పి, ఊళ్లో గ్యాస్ సూది వేయించకుండా తిరిగి రమ్మనాలి. స్కాన్‌లో నీరు చేరినట్టు కనిపిస్తే జిల్లాలోనే ట్యూబు వేసి తీయవచ్చు. సిస్టిక్ మొన లీకుకు ఈఆర్‌సీపీలో పెట్టిన స్టెంటు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. ప్రధాన నాళం గాయపడితే అక్కడికక్కడే కుట్టే ప్రయత్నం చేయకుండా, డ్రైన్ పెట్టి, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, ఆపరేషన్ నోట్సూ వీడియోతో సహా కాలేయ శస్త్రచికిత్స నిపుణుల దగ్గరికి పంపాలి. నోట్సులో ఎన్ని క్లిప్పులు వేశారో, ఏం కోశారో ఉన్నదున్నట్టు రాసి ఉండాలి.