జై, వీరూ పోయాక

గుజరాత్‌లోని గిర్ అడవిలో జై, వీరూ అని రెండు మగసింహాలు ఉండేవి. 'షోలే' సినిమాలోని స్నేహితుల పేర్లే పెట్టారు. తిరిగినా కలిసే, హద్దు కాసినా కలిసే. 2025లో ఒకదానికొకటి దూరంగా ఉన్న వేళ చూసి వేరే సింహాలు మీద పడ్డాయి. జూన్‌లో వీరూ, జులైలో జై ఆ గాయాలతోనే చనిపోయాయి.

సురంగల్‌లో ఉండే నాకు గిర్‌తో ఏం సంబంధమో గానీ, ఆ రెండూ ఇంకా మనసులో మెదులుతూనే ఉన్నాయి.

మగసింహం ఏలుబడి కొన్నేళ్లే. వయసు మీదపడేసరికి పడుచు సింహాలు జట్టుకట్టి వస్తాయి. గెలిస్తే పాత మగవాటి పిల్లల్ని కూడా చంపేస్తాయి. ఆఫ్రికాలోని సెరెంగెటిలో పేరుమోసిన బాబ్ జూనియర్ అనే సింహాన్నీ 2023 మార్చిలో ఇలాగే కుర్రసింహాలు చంపాయి.

నన్ను కదిలించేది మాత్రం జై, వీరూల ఆ తోడు. పరాయి గర్జనల రికార్డు వినిపిస్తే మగసింహాలు ఏం చేస్తాయో 1990ల్లో సెరెంగెటిలో పరిశీలించారు. పక్కవాడు చుట్టమా కాదా, వెంట వస్తున్నాడా లేదా అని చూడకుండా అవి గర్జన వైపే నడిచాయి.

ఈ పోరు ప్రకృతి ధర్మం, అందులో మనం వేలు పెట్టలేం. కానీ మనం చేయగలిగిందీ ఒకటి ఉంది. మన ఆసియా సింహాలకు అడవిలో ఉన్న చోటు గుజరాత్ ఒక్కటే. కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. జై, వీరూ పోయేనాటికి కూడా అక్కడికి ఒక్క సింహమూ వెళ్లలేదు.