నాచు చెప్పే లెక్క

కృష్ణా డెల్టా కాలువల శివారున, సముద్రానికి చేరువలో ఉన్న మండలం కృత్తివెన్ను. కొల్లేటి నీటిని బంగాళాఖాతానికి చేర్చే ఉప్పుటేరు దీని పొలిమేరలోనే ప్రవహిస్తుంది. ఒకప్పుడు వరి పండిన పొలాలు అనేకం నేడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. నీటి రంగును చూసి దాని గుణం చెప్పగల రైతులు ఇక్కడ ఊరూరా కనిపిస్తారు. లేత ఆకుపచ్చ నీరు వారికి శుభసూచకం. ఆ రంగునిచ్చే కంటికి కనిపించని నాచు చెరువులోని జీవులకు తొలి ఆహారం. పగటివేళ నీటికి ప్రాణవాయువును అందించేదీ అదే.

అటువంటి ఒక రైతు ఇంట్లో కిటికీ పక్కన చిన్న గాజుతొట్టె ఉండేది. అందులో ఆరు గప్పీ చేపలు. వాటిని పెంచుతున్నది ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన కుమార్తె. రెండు నెలలు తిరిగేసరికి అద్దాలకు నాచు పట్టి చేపలు కనబడకుండా పోయాయి. ఆమె ప్రతి ఆదివారం నీరంతా పారబోసి, ఇసుక కడిగి, అద్దాలు తోమి, కొత్త నీరు నింపేది. మరుసటి ఆదివారానికి మళ్లీ అదే పచ్చదనం. కడిగిన ప్రతిసారీ చేపలు నీరసించేవి. ఒకటి చనిపోయింది కూడా. చివరకు విసిగిపోయి, మైలుతుత్తం వేస్తే నాచు నశిస్తుందని ఎవరో చెప్పగా, "కొంచెం తెచ్చిపెట్టు నాన్నా" అని అడిగింది.

"నాచు చస్తుందమ్మా. దాంతోపాటు చేపలూ పోతాయి. అది ఏం తిని పెరుగుతోందో ముందు చూడు" అన్నాడాయన.

ఆ మాట వెనుక చెరువు గట్టు మీద గడిపిన రాత్రులున్నాయి. మేత ఎక్కువైన చెరువులో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ప్రాణవాయువును ఇచ్చే ఆ నాచే రాత్రివేళ దానిని తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే మిగిలినదీ హరించుకుపోయి, రొయ్యలు పైకి తేలుతాయి. నెలల శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలవుతుంది. ఏరేటర్లు రాత్రంతా తిరిగేది ఈ భయంతోనే.

గాజుతొట్టె లెక్కా ఇదే. తినగా మిగిలిన మేత, చేపల విసర్జనలు కుళ్లి అమోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఇసుకలో, వడపోత స్పాంజిలో నివసించే సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్, మేతలోని ఫాస్ఫేట్ నాచుకు ఎరువులు. కిటికీలోంచి పడే ఎండ దానికి బలం. ఇసుకను కడిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి మేలుచేసే సూక్ష్మజీవులను కూడా పారబోస్తున్నది.

తొట్టెను ఎండ తగలని గోడ పక్కకు జరిపారు. దీపం రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలగలేదు. రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత. వారానికొకసారి నాలుగో వంతు నీరు తీసి, క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవ ఉంచిన నీటిని పోశారు. స్పాంజిని తీసిన నీటిలోనే పిండారు. వేగంగా పెరిగే నీటిమొక్కలను నాటారు. నాచు తినవలసిన ఎరువును అవి తీసుకున్నాయి. నెల గడిచేసరికి అద్దాలు తేటపడ్డాయి. రాళ్ల మీద కొద్దిగా పచ్చదనం మిగిలింది. దానిని ఆమె గీకలేదు.

లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సమతూకాన్ని 1850లోనే వివరించాడు. ఆయన ఒక గాజుపాత్రలో బంగారు చేపలను, నీటిమొక్కను ఉంచాడు. ఆకులు కుళ్లి, నాచు పెరిగి నీరు చెడుతుంటే నత్తలను వదిలాడు. అవి కుళ్లును తిని నీటిని కాపాడాయి. మన కవులు శైవాలమని పిలిచిన నాచుకు కావ్యాలలో గౌరవస్థానమే ఉంది. నారచీరలు కట్టిన శకుంతలను చూసి, కాళిదాసు దుష్యంతునికి నాచు చుట్టుకొన్న తామర గుర్తుకు వచ్చింది. సరస్సులో నాచు ఉండటం సహజం. హద్దు మీరి పెరిగినదంటే, ఆ నీటిలో ఏదో మితిమీరి చేరుతున్నదని అర్థం.

కృత్తివెన్నుకు ఎగువన ఉన్న కొల్లేరు 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లతోపాటు ఎన్నో మురుగు కాలువలు అందులో కలుస్తాయి. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు ఆ నీటిలో చేరి గుర్రపుడెక్కను, నాచును పెంచుతున్నాయి. గాజుతొట్టెను కిటికీ పక్కనుంచి జరపడానికి రెండు చేతులు చాలు. కొల్లేటిని ఎండలోనుంచి జరపడం ఎవరి తరమూ కాదు. అందులో చేరే ఎరువును, మురుగును తగ్గించడమొక్కటే మనిషి చేయగల పని.