ఇంగ్లండు కిటికీలు: అద్దాన్ని పట్టి ఉంచే పట్టీలు

ఇంగ్లండులోని పాత ఇళ్ల కిటికీల్లో అద్దం ఒకే పలకగా ఉండదు. సన్నని కర్రపట్టీలు దాన్ని గడులుగా విడదీస్తాయి. తెలుగు ఇళ్ల కిటికీ ఊచలు కాపలా కోసమైతే, ఈ పట్టీల పని అద్దాన్ని పట్టి ఉంచడం. వీటిని అక్కడ గ్లేజింగ్ బార్లంటారు. మలియన్ వీటికంటే దృఢమైనది. కిటికీ ఖాళీని నిలువుగా విభజిస్తూ, రాతి కట్టడాల్లో పై గోడ బరువును కూడా కొంత మోస్తుంది. అలాగే అడ్డంగా ఉండేది ట్రాన్సమ్. 1590లలో డర్బీషైర్‌లో కట్టిన హార్డ్‌విక్ హాల్‌లో గోడను మించి కిటికీలే కనిపిస్తాయంటే, ఆ ఘనత రాతి మలియన్లదీ ట్రాన్సమ్‌లదీ. ఆ కాలపు కిటికీల్లో గాజుముక్కలను సీసపు పట్టీలతో కూర్చేవారు. సీసం మెత్తన కనుక గాలికి వంగకుండా వెనుక ఇనుప కడ్డీలకు తీగలతో కట్టేవారు.

పలకలు చిన్నవి కావడానికి కారణం గాజు తయారీలోనే ఉంది. ఊదిన గాజుబుడగను గిరగిరా తిప్పి పళ్లెంలా పరిచేవారు. తిప్పే కడ్డీ ఆనిన నడిమి భాగం మందంగా ముడిపడి ఉండేది. దాన్ని తప్పించి కోస్తే చిన్న పలకలే దక్కేవి. పెద్ద కిటికీ కావాలంటే వాటిని పట్టీలతో జోడించక తప్పదు.

17వ శతాబ్దం చివర్లో సాష్ కిటికీ వ్యాపించింది. దీని రెక్కలు పైకీ కిందికీ జరుగుతాయి. పక్కనున్న పెట్టెల్లో తాళ్లకు వేలాడే బరువులు రెక్క బరువును తూచి నిలుపుతాయి. మంటలు పాకకుండా లండన్‌లో 1709 నాటి చట్టం కిటికీలను గోడ అంచునుంచి 4 అంగుళాలు లోపలికి జరపమంది. 1774 నాటి చట్టం ఆ పెట్టెలను ఇటుక వెనుక దాచమంది.

తొలినాటి పట్టీలు ఒకటిన్నర అంగుళాల దాకా మందంగా ఉండేవి. 18వ శతాబ్దం ముగిసేసరికి వడ్రంగులు వాటిని అర అంగుళం దరిదాపులకు తెచ్చారు. పట్టీ బయటి వైపు గాడిలో అద్దాన్ని కూర్చి, అవిసె నూనెతో సుద్దపొడి కలిపిన పుట్టీని వాలుగా పూస్తారు. వాననీరు దానిమీదుగా జారిపోతుంది. లోపలి వైపు వంపులుగా చెక్కుతారు. వెలుగు ఆ వంపులపై క్రమంగా పలచబడటంతో తెల్లని ఆకాశానికి ఎదురుగా పట్టీ నల్లగా కొట్టొచ్చినట్టు కనబడదు. ఇంత చిన్న కర్రముక్కలో ఇంత ఆలోచన ఇమిడి ఉండటం మెచ్చదగినది.

గాజుపై బరువును బట్టి వేసిన సుంకం 1845లో, 1696 నుంచి ఉన్న కిటికీ పన్ను 1851లో రద్దయ్యాయి. పెద్ద పలకలు చవకయ్యాయి. ఆరు గడుల రెక్కల స్థానంలో రెండు గడులవీ ఒకే పలకవీ వచ్చాయి. నడుమ పట్టీలు లేక, అద్దం బరువు పెరిగి, మూల అతుకులపై భారం పడింది. రెక్క నిలువు కర్రలను కాస్త పొడిగించి కొమ్ముల్లాంటి కొసలు మిగల్చడంతో ఆ అతుకులు గట్టిపడ్డాయి. ఈ కొమ్ములను చూసి కిటికీ విక్టోరియా కాలానిదని చాలావరకు పోల్చుకోవచ్చు. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు ప్రదర్శనశాల 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గల పలకలు సుమారు 3 లక్షలతో లేచింది.

నేటి గాజు భవనాల్లో మలియన్ అల్యూమినియంది. హైదరాబాద్ మాదాపూర్‌లో కనిపించే గాజు గోడల్లోనూ సూత్రం ఇదే. మలియన్ అంతస్తుల శ్లాబులకు బిగించి ఉంటుంది. భవనం బరువును మోయదు. గాజు బరువునూ గాలి తాకిడినీ శ్లాబుకు చేరవేస్తుంది. ఎండకు అల్యూమినియం సాగుతుంది కనుక అతుకుల్లో సందు వదిలి, గాజు అంచుల్లో రబ్బరు పట్టీలు అమరుస్తారు.

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు ఈ పట్టీలు ఇంటి ఖర్చులో భాగమవుతాయి. చలిని ఆపే రెండు పొరల అద్దం మందంగా, బరువుగా ఉంటుంది. సన్నని పాత పట్టీ దాన్ని మోయలేదు. అందుకే చాలా కొత్త కిటికీల్లో ఒకే పలకపై ఉత్తుత్తి పట్టీలు అంటిస్తారు. వాటికి పాతవాటి లోతూ నీడా ఉండవు. చారిత్రక రక్షణ జాబితాలోని ఇంట్లో కిటికీ మార్చాలంటే స్థానిక కౌన్సిల్ అనుమతి తప్పనిసరి. చాలాసార్లు మార్చాల్సిన అవసరమే ఉండదు. కుళ్లిన మేరకు కోసి కొత్త కర్ర అతికి, పుట్టీ, రంగు వేస్తే పాత రెక్క మళ్లీ దశాబ్దాలు పనిచేస్తుంది. లోపలి వైపు విడిగా మరో అద్దం అమరిస్తే చలి కూడా చాలావరకు ఆగుతుంది.