అచ్చులో ముందు, రాతిలో తర్వాత

పాత నగరాల అచ్చుచిత్రాలు చూస్తే, ఆనాటి ఊరు ఇలాగే ఉండేదని ఇట్టే నమ్మేస్తాం. ఎత్యెన్ దుపెరాక్ 1569లో రాగిరేకు మీద గీసి అచ్చుకిచ్చిన రోము కాపిటోలిన్ గుట్ట చిత్రం దగ్గర మాత్రం ఆ నమ్మకం చెల్లదు. వెడల్పాటి మెట్లదారి గుట్ట మీదికి తీసుకెళుతుంది. అటూ ఇటూ ఒకే పోలికలో రెండు భవనాలు, ఎదురుగా సెనేటర్ల భవనం. నడుమ కోడిగుడ్డు ఆకారపు నేల మీద గీతలు ఒకదాన్లోంచి ఒకటి దూరి, మన మెలికల ముగ్గులా అల్లుకుని, పన్నెండు కొనల నక్షత్రమవుతాయి. దాని మధ్యన గుర్రమెక్కిన రోము చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ విగ్రహం.

ఆ ఏడాది గుట్టెక్కి చూసినవాళ్లకు ఇందులో చాలా భాగం కనిపించి ఉండదు. విగ్రహం ఉంది; 1538లో మూడో పాల్ పోపు అక్కడికి తెప్పించాడు. సెనేటర్ల భవనానికి జంట మెట్లూ ఉన్నాయి. కుడివైపు భవనం పని ఇంకా సాగుతోంది. ఎడమవైపుది 1603 దాకా మొదలే కాలేదు. నక్షత్రం సంగతి సరేసరి.

ఇదంతా మైకెలాంజెలో ఊహ. ఆయన 1564లోనే పోయాడు. పోయేముందు తన చిత్తుగీతలు ఎన్నో తగలబెట్టాడని ఆయన జీవితచరిత్ర రాసిన వసారి చెప్పాడు. కాబట్టి ఆ ప్రాంగణమంతా కలిపి ఆయన ఎలా తలచాడో తెలుసుకోవాలంటే మనకు ముఖ్యమైన ఆధారం ఈ కాగితమే. రోములో లఫ్రేరి అనే ప్రచురణకర్త దుకాణంలో ఇలాంటి అచ్చులు దొరికేవి. యాత్రికులూ పండితులూ నచ్చినవి ఏరుకుని పుస్తకంగా కుట్టించుకునేవారు. అలా రోము మొహం చూడనివాళ్లు కూడా, కట్టని ప్రాంగణాన్ని కట్టినట్టే ఎరిగి ఉంటారు. దీన్ని అబద్ధమనడానికి నాకు నోరు రాదు. పోయినవాడి తలపును పదిమంది కళ్లలో బతికించిన పని అది.

రోము ఆ తలపును మెల్లగా తీర్చుకుంది. ఎడమ భవనం పదిహేడో శతాబ్దంలో లేచింది. నక్షత్రం నేల మీదికి దిగింది 1940లో, ఈ అచ్చునే చూసి పరిచారు. అంటే కాగితానికీ రాతికీ మధ్య మూడొందల డెబ్బై ఏళ్లు!

అన్నీ అచ్చు ప్రకారమే జరగలేదు. కుడి భవనాన్ని పూర్తిచేసిన జాకొమో దెల్లా పోర్తా నడిమి కిటికీని మిగతావాటికంటే పెద్దది చేశాడు. అచ్చులో ఆ వరుసంతా ఒకే కొలత. నాకు అచ్చులోని వరుసే ఇష్టం. మైకెలాంజెలో మనసులో ఉన్నది సరిగ్గా అదేనా, దుపెరాక్ చెయ్యి కొంత సర్దిందా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.