అరచేతిలో సేద్యం

మాది చిట్యాల. భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. మూడెకరాల మిర్చి, రెండెకరాల పత్తి మా ఇంటికి ఆధారం. ఇట్టి రైతుబిడ్డనైన నేను సేద్యం నేర్చుకున్నది మాత్రం జపాను వాళ్ళ దగ్గర, అదీ హాస్టలు మంచం మీద పడుకొని! నవ్వకండి మిత్రులారా, చెప్తాను.

నిరుడు దసరా సెలవులకు ముందు నా గది మిత్రుడొకడు గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే పాత ఆట పరికరం తెచ్చాడు. అమెరికాలో ఉన్న వాళ్ళ బావ వాడి వదిలేసినదట. అందులో ‘హార్వెస్ట్ మూన్: ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్’ అనే 2003 నాటి ఆట ఉంది. ఈ వరుసలో మొదటి ఆట 1996లో జపానులో వచ్చింది. దాన్ని రూపొందించిన యసుహిరో వాడా పల్లెటూరి వాడు. టోక్యో చేరాక ఊరి మీద బెంగ పుట్టి, కొట్లాటలు లేని ఆట చెయ్యాలనుకున్నాడు.

ఆటలో మనకు పాడుబడ్డ పొలం ఒకటి దక్కుతుంది. రాళ్ళు ఏరి, దున్ని, విత్తి, నీళ్ళు పోయాలి. ఏడాదికి నాలుగు రుతువులు, రుతువుకు 30 రోజులు. టర్నిప్ విత్తనాల సంచి 120 జీలు. జీ అంటే అక్కడి రూపాయి. ఒక్కో దుంప 60కి పోతుంది. రెండు దుంపలమ్మితే పెట్టుబడి చేతికొచ్చినట్టే! సాయంత్రం 5 గంటలకు జాక్ అనే మనిషి వచ్చి సరుకు తీసుకొని పైసలిచ్చి పోతాడు. నాకు పిచ్చి పట్టుకుంది. సెలవులకు ఆ పరికరం అడుక్కొని ఇంటికి పట్టుకుపోయాను.

ఒక రాత్రి బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

‘‘ఏందిరా అది?’’

‘‘ఎవుసం ఆట బాపూ.’’

వివరమంతా చెప్పాను. ‘‘దుంప అరవై అంటివి. రేపెంత?’’ అన్నాడు.

‘‘రేపైనా అరవయ్యే.’’

‘‘వచ్చేయేడు?’’

‘‘అప్పుడూ అంతే.’’

‘‘అంటే ఏసేటప్పుడే ధర తెలుస్తదా!’’ అని బాపు పరికరాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఎనుమాముల మార్కెట్టుకు పోయినవాళ్ళకు ఆ మాటలోని బరువు తెలుస్తుంది. పొద్దున జెండా పాట పాడతారు. ఆ పెద్ద ధర ఏ ఒక్కరి కుప్పకో దక్కుతుంది. మిగతావాళ్ళ సరుకు తేమ ఉందనో, తాలు ఉందనో కింది ధరకు పోతుంది. బస్తాలు విప్పాక వెనక్కి తెచ్చుకోలేం గదా! అడ్తిదారు దగ్గర అప్పుంటే ఆ మాటా ఎత్తలేం.

‘‘పురుగు పడదా?’’ అన్నాడు మళ్ళీ.

‘‘పడదు.’’

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన మిర్చి తోటలను ఊడ్చేసింది. పువ్వులోనే చేరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. అప్పుడు నేను హన్మకొండలో ఇంటరు. ‘‘ఒక్క వారం వచ్చిపోరా, మందు కొట్టే మనిషి దొరకట్లేదు’’ అని బాపు ఫోను చేస్తే పరీక్షలున్నాయన్నాను. నిజానికి ఏ పరీక్షా లేదు. తర్వాత డిగ్రీలో ఆ పురుగు శాస్త్రనామం త్రిప్స్ పార్విస్పైనస్ అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఏటి అప్పు ఇంకా తీరలేదు.

అంతలో తెర మీద ఎండాకాలపు తుఫాను వచ్చింది. తెల్లారేసరికి నా పంట సగం పోయింది. నేనేమీ కంగారు పడలేదు. భద్రం చేసిన పాత రోజుకు పోయి మళ్ళీ మొదలుపెట్టాను. చేను పచ్చగా నిలబడింది.

బాపు తెర వంక చూశాడు, నా వంక చూశాడు.

‘‘మల్ల ఎనకకు పోవచ్చా?’’

‘‘పోవచ్చు బాపూ.’’

ఆయన ఇంకేమీ అడగలేదు. లేచి, తలుపు దగ్గర ఆగి, ‘‘పొద్దుగాల మిర్చికి నీళ్ళు పెట్టాలె. పరీక్షలేమన్న ఉన్నయా?’’ అన్నాడు.

లేవన్నాను.

మర్నాడు ఆరింటికే పార పట్టి మడవలు కట్టాను. పదింటికల్లా అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు చోట్ల గట్టు తెగి, నీళ్ళు పక్కవాళ్ళ పత్తిలోకి పోయాయి. బాపు తిట్టలేదు. నా చేతిలోంచి పార తీసుకొని, మట్టి ఎట్లా వెయ్యాలో చూపించి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.